తొర్రకు బదులేం ఇస్తారు?

చెట్టు మొదలుకి గులాబీ రంగు రిబ్బన్ చుట్టి ఉంది. రోజూ పొద్దున్న ఏడున్నరకి ఆ దారినే ఆఫీసుకి వెళ్తాను, ముందు రోజు సాయంత్రం వరకు అది లేదు. కారు పక్కకి ఆపి దిగి చూస్తే ఆ ఒక్కదానికే కాదు, వరసగా పదకొండు చెట్లకి కట్టారు. కొన్నిటి మాను మీద స్ప్రే పెయింట్‌తో నంబర్లు కూడా వేశారు. నేను రోజూ చూసే చెట్టు నంబరు 7. రోడ్డు వెడల్పు చేయడానికి కొట్టబోయే చెట్లకి పెట్టే గుర్తులు అవి.

నేనుండేది ఆస్ట్రేలియాలో, విక్టోరియా రాష్ట్రంలో, సిటీకి దూరంగా. ఆ రోడ్డుకి అటూ ఇటూ కనోలా, గోధుమ పొలాలు, గొర్రెల మేత బీళ్లు. కనుచూపు మేర పచ్చగానో పసుప్పచ్చగానో చదునుగా ఉంటుంది, చెట్లు మాత్రం రోడ్డు అంచునే. కొత్తగా వచ్చినప్పుడు వీటిని నీడ కోసం ఎవరో నాటారేమో అనుకున్నాను. నాటినవి కావని, అసలు ఈ రోడ్డు పుట్టక ముందు నుంచే ఉన్నాయని తెలియడానికి చాలా రోజులు పట్టింది.

పంతొమ్మిదో శతాబ్దంలో వలస వచ్చినవాళ్లు ఇక్కడి అడవిని పొలాల కోసం కొట్టేశారు. రోడ్లకి మాత్రం గొలుసు కొలతతో స్థలం వదిలారు. ఒక గొలుసు అంటే సుమారు 20 మీటర్లు. పశువుల మందల్ని తోలుకెళ్లే దారులకి మూడు గొలుసులు, అంటే 60 మీటర్ల దాకా వదిలారు. దారికి కావాల్సింది అందులో కొంచెమే, మిగతాదంతా కంచెకి బయట, రోడ్డుకి పక్కన ఉండిపోయింది. అక్కడ నాగలి పడలేదు, ఎరువు పడలేదు. ఆ సన్నటి చీలికలోనే రెడ్ గమ్, యెల్లో బాక్స్ అనే పాత యూకలిప్టస్ చెట్లు, వాటి కింద కంగారూ గడ్డి, పడిపోయిన దుంగలు, రాళ్ల మీద నాచు, అన్నీ మిగిలాయి. ఆగ్నేయ ఆస్ట్రేలియా అంతటా పరుచుకుని ఉండిన బాక్స్ గమ్ గడ్డి అడవిలో మంచి స్థితిలో మిగిలింది 5 శాతం కూడా లేదు. అలా మిగిలిన చోట్లలో రోడ్డు అంచులూ శ్మశానాలూ ముఖ్యమైనవి. శ్మశానాలెందుకంటే, వాటికీ కంచె వేసి వదిలేశారు కాబట్టి.

ఇప్పుడు రోడ్డు వెడల్పు చేయాలంటే ముందుగా చెయ్యి పడేది ఆ చీలిక మీదే. కారణం సులభం. పొలంలోకి వెళ్తే రైతు దగ్గర భూమి కొనాలి, కంచె మార్చాలి, పరిహారం మాట్లాడాలి, రెండేళ్లు ఆలస్యం కావొచ్చు. రోడ్డు అంచు ప్రభుత్వ స్థలమే, ఏ యజమానినీ అడగక్కర్లేదు. కాగితం మీద ఆ నేలకి ధర లేదు. ఆ ప్రాంతంలో ఇంకెక్కడా మిగలని వృక్ష సంపద ఉన్న నేలే అన్నిటికన్నా చవగ్గా దొరికే నేల కూడా అయింది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే, తర్వాత చెప్పబోయే లెక్కలన్నీ దీని మీదే నిలబడి ఉన్నాయి.

పనులు మొదలయ్యే ముందు ఊరి హాల్లో ఒక సమావేశం పెట్టారు. మ్యాపులు గోడకి అంటించి, పర్యావరణ నివేదిక ఒక బల్ల మీద ఉంచారు. రాసిన కన్సల్టెంట్ అక్కడే ఉన్నారు, అడిగినదానికల్లా ఓపికగా చెప్పారు, మంచి మనిషి. పేజీలు తిప్పి నంబరు 7 వెతుక్కున్నాను. చెట్టు జాతి, మాను వ్యాసం, తొర్రలు ఉన్నాయా లేదా, పక్కనే ఒక అంకె: 0.014.

ఆ అంకె ఎలా వచ్చిందో అడిగి తెలుసుకున్నాను. విక్టోరియాలో చెట్టూచేమా పోగొట్టుకున్నదాన్ని హ్యాబిటాట్ హెక్టార్లలో కొలుస్తారు. ఎంత నేల పోతోంది, అది ఎంత మంచి స్థితిలో ఉంది, ఈ రెంటినీ హెచ్చవేస్తారు. విడిగా నిలబడ్డ పెద్ద చెట్టయితే దాని చుట్టూ 15 మీటర్ల వ్యాసార్ధంతో ఒక వలయం గీస్తారు, సుమారు 707 చదరపు మీటర్లు, అంటే 0.07 హెక్టారు. విడి చెట్టుకి స్థితి మార్కు అన్నిటికీ ఒకటే, 0.2. రెంటినీ హెచ్చవేస్తే 0.014. దాని మీద ఆ చోటు ప్రాముఖ్యాన్ని బట్టి ఇంకో లెక్క, ఒక గుణకం పడతాయి. చివరికి వచ్చిన సంఖ్యకి సరిపడా క్రెడిట్లు, అంటే ఇంకోచోట చెట్టూచేమా కాపాడుతున్నట్టు రాసిన యూనిట్లు, మార్కెట్లో కొంటే ఆఫ్‌సెట్ (పోయినదానికి బదులు ఇవ్వడం) అయిపోయినట్టే. నేను కొలతకి వ్యతిరేకిని కాను. కొలవకపోతే ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టుకుపోతారు. కానీ మూడు వందల ఏళ్ల చెట్టుకీ, దాని పక్క చెట్టుకీ, ఇంకెక్కడో మూడూళ్ల అవతల చెట్టుకీ ఒకే 0.2 వేసినప్పుడు, కొలిచేది చెట్టునా, వలయాన్నా?

రాష్ట్రం నియమం ఒకటి ఉంది, చదవడానికి చాలా న్యాయంగా ఉంటుంది. ఒక పెద్ద చెట్టు తీసేస్తే, ఆఫ్‌సెట్‌లో కనీసం ఒక పెద్ద చెట్టుకి రక్షణ కల్పించాలి. నేను కూడా మొదట విని బాగుందే అనుకున్నాను. ఇంటికొచ్చి అన్నం తింటూ ఆలోచిస్తే అర్థమైంది. రోడ్డు పక్కన ఒక చెట్టు ఉంది, ఎక్కడో పొలంలో ఇంకో చెట్టు ఉంది. రెండు చెట్లు. రోడ్డు పక్కది కొట్టారు, పొలంలోదానికి కంచె వేసి, భూయజమానితో ఒప్పందం రాసుకున్నారు. ఇప్పుడు ఉన్నది ఒక చెట్టు. రిజిస్టర్‌లో మాత్రం నష్టం లేదు, సరిపోయింది. రెండులోంచి ఒకటి తీస్తే ఒకటే మిగులుతుంది, రెండు కాదు కదా.

దీనికి ఆఫ్‌సెట్‌ని సమర్థించేవాళ్లు చెప్పే జవాబు పూర్తిగా కొట్టిపారేసేది కాదు, అందుకే దాన్ని ఉన్నదున్నట్టు చెప్తాను. ఆ పొలంలో చెట్టు అలాగే వదిలేస్తే క్రమంగా చచ్చిపోతుంది. గొర్రెలు వేళ్ల దగ్గర తొక్కి తొక్కి నేల గట్టిపడుతుంది, కింద మొలిచిన ప్రతి మొలకనీ తినేస్తాయి, చెట్టు పోయాక దాని వంశం ఉండదు. కంచె వేస్తే ఈ నష్టం ఆగుతుంది. ఆగిన నష్టాన్నే లాభంగా లెక్కేస్తారు. చట్టబద్ధంగా శాశ్వత రక్షణ రాసిస్తే కొంత, ఉన్నదాన్ని చెడిపోకుండా చూస్తే కొంత, కలుపు తీసి బాగుచేస్తే కొంత. అలాంటి ఒక స్థలాన్ని నేను స్వయంగా వెళ్లి చూశాను. కంచె వేసి ఆరేళ్లయిందట. పెద్ద చెట్టు కింద నడుం ఎత్తున పిల్ల చెట్లు, వేళ్లతో లెక్కపెట్టలేనన్ని. ఆ రైతు వాటిని చూపిస్తుంటే ఆయన మొహంలో వెలుగు చూసి నాకూ సంతోషం వేసింది. ఆ పని అవసరమే, వంద చోట్ల జరగాలి. కానీ ఈ రాష్ట్రంలో పర్మిట్ లేకుండా ఆ చెట్టు కొట్టకూడదన్న నియమం 1989 నుంచే ఉంది. చట్టం కాపాడుతున్నదాన్ని మళ్లీ కాపాడామని రాసుకుని, ఆ పేరుతో ఇంకోదాన్ని కొట్టడానికి అనుమతి ఇస్తే, ఈ లాభంలో ఎంత నిజం, ఎంత రాత?

ఇదంతా కాగితం గొడవ. అసలు సంగతి తొర్ర.

నంబరు 7 ని కొట్టిన రోజు నేను సెలవు పెట్టి వెళ్లాను. ఎందుకు వెళ్లావని మా ఇంట్లో అడిగారు, సరైన జవాబు లేదు, ఎవరో ఒకరు ఉండాలనిపించింది. ముందు రోజే చుట్టూ ఉన్న చిన్నచిన్న మొక్కలు తీసేశారు, లోపల ఏవైనా జీవులుంటే రాత్రికి వెళ్లిపోతాయని అలా రెండు విడతలుగా చేస్తారు. వన్యప్రాణుల్ని చూసుకునే ఒక అమ్మాయి లిఫ్ట్ ఎక్కి తొర్రల్లోకి కెమెరా పెట్టి చూసింది. పెద్ద కొమ్మని ముక్కగా కోసి మెల్లగా కిందికి దింపారు. పని ఆగినప్పుడు అడిగితే, దగ్గరికొచ్చి చూడమంది. తొర్ర నోరు నా పిడికిలికన్నా కొంచెం పెద్దది, అంచు నున్నగా, మెరుస్తూ, ఎన్ని తరాల కాళ్లూ రెక్కలూ రాసుకుంటే అలా అవుతుందో. లోపల మోచేతి దాకా చెయ్యి పట్టింది. అడుగున పొడిగా, మెత్తగా, కాఫీ పొడిలాంటి చెక్క పొట్టు. అందులో ఆకుపచ్చ ఈకలు రెండు, పాత గుడ్డు పెంకు ముక్క ఒకటి. బయట గాలి చల్లగా ఉంది, లోపల వెచ్చగా ఉంది. కొమ్మ తెగి నేల మీద పడుకున్న తర్వాత కూడా ఇంకా వెచ్చగానే ఉంది.

తొర్ర ఎవరూ తొలిచింది కాదు. ఈ దేశంలో వడ్రంగిపిట్టలు లేవు. గాలికి కొమ్మ విరగాలి, ఆ గాయంలోంచి బూజు, చెదలు లోపలికి వెళ్లాలి, మధ్య కర్ర పుచ్చిపోవాలి, బయటి కర్ర మాత్రం బతికి ఉండాలి. అందుకే యూకలిప్టస్ చెట్లలో పక్షులకీ జంతువులకీ పనికొచ్చే తొర్ర రావడానికి సాధారణంగా 120 ఏళ్ల పైన పడుతుంది, పెద్ద తొర్రలకి 200 ఏళ్లు కూడా దాటుతుంది. చిలకలు, గుడ్లగూబలు, గబ్బిలాలు, గ్లైడర్లు (చెట్టు నుంచి చెట్టుకి గాల్లో జారుతూ వెళ్లే చిన్న జంతువులు), పాసమ్‌లు (చెట్ల మీద బతికే సంచి జంతువులు) కలిపి ఆస్ట్రేలియాలో సుమారు 300 రకాల వెన్నెముక జీవులు ఈ తొర్రల్ని వాడుకుంటాయి. వాటిలో చాలావాటికి తొర్ర లేకపోతే పిల్లల్ని కనే చోటే లేదు.

ఒక ఫ్రెండ్‌తో ఈ మాటే అంటే, "కొట్టినదానికి పదింతలు మొక్కలు నాటుతున్నారు కదా, ఇంకేంటి నీ బాధ?" అన్నాడు. తప్పుపట్టను, అందరికీ ముందు తోచేది అదే. ఈరోజు నాటిన మొక్కలో తొర్ర వచ్చేసరికి మన మనవలకి మనవలు ఉంటారు. ఆ మధ్య కాలంలో ఈ వసంతంలో గుడ్లు పెట్టాల్సిన చిలక ఎక్కడ పెడుతుంది? చిలక బతికేది పాతికేళ్లో ముప్పై ఏళ్లో. వందేళ్ల తర్వాత తొర్ర తయారైనప్పుడు అందులోకి రావడానికి ఆ చుట్టుపక్కల చిలకలు మిగలాలి కదా. మొక్కలు పది కాదు వెయ్యి నాటినా ఆ వందేళ్ల ఖాళీ పూడదు.

ఆ ఖాళీని పూడ్చడానికే చెక్క పెట్టెలు పెడతారు. పక్క రాష్ట్రం న్యూ సౌత్ వేల్స్ దక్షిణాన హ్యూమ్ హైవేని వెడల్పు చేసినప్పుడు తొర్రలున్న పెద్ద చెట్లు చాలా పోయాయి, వాటికి బదులుగా గూడు పెట్టెలు బిగించారు. స్క్విరెల్ గ్లైడర్, బ్రౌన్ ట్రీక్రీపర్ అనే చిన్న పిట్ట, సుపర్బ్ పారట్ అనే చిలక, ఈ మూడు ప్రమాదంలో ఉన్న జాతుల కోసం అది. ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ నుంచి డేవిడ్ లిండెన్‌మేయర్ బృందం 324 పెట్టెల్ని నాలుగేళ్లపాటు చూసి 2017లో ఫలితాలు ప్రచురించింది. సుపర్బ్ పారట్ ఒక్కసారి కూడా కనిపించలేదు. ట్రీక్రీపర్ రెండే రెండుసార్లు. గ్లైడర్లు కూడా చాలా తక్కువ. పెట్టె ఎండకి కాగుతుంది, చలికి గడ్డకడుతుంది, కొన్నేళ్లకి మేకులు వదిలి పడిపోతుంది, బయటి నుంచి వచ్చిన తేనెటీగలూ ఎలకలూ చేరతాయి. పెట్టెలు పనికిరావని నేను అనను, కొన్ని జాతులు కొన్ని చోట్ల వాడతాయి. అక్కడ మాత్రం పెట్టెలు ఎవరి కోసం పెట్టారో వాళ్లు రాలేదు. ఈలోపు రోడ్డు పూర్తయింది, వాహనాలు తిరుగుతున్నాయి.

అన్నీ విఫలమేనని చెప్పడం న్యాయం కాదు. అదే హ్యూమ్ మీద విక్టోరియా వైపు గ్లైడర్లు దాటడానికి రోడ్డు మీదుగా తాళ్ల వంతెనలు కట్టారు, ఎత్తైన స్తంభాలు పాతారు. వాటిని స్క్విరెల్ గ్లైడర్లు నిజంగానే వాడుతున్నాయి. మధ్య డివైడర్‌లో పెద్ద చెట్లు వదిలేసిన చోట అవి ఆ చెట్ల మీదుగా రోడ్డు దాటుతున్నాయని కూడా పరిశోధకులు గమనించారు. ఇక్కడ ఒక సంగతి చూడండి. పనికొచ్చినవి రెండూ ఆ రోడ్డు దగ్గరే, ఆ ప్రాణుల దారిలోనే చేసినవి. ఆఫ్‌సెట్ అలా కాదు, అదే పరీవాహక ప్రాంతంలోనో అదే మునిసిపాలిటీలోనో ఎక్కడ కొన్నా చెల్లుతుంది, అంటే వంద కిలోమీటర్ల అవతల కూడా కావొచ్చు. రోడ్డు అంచు చెట్ల వరస విలువంతా అది వరస కావడంలోనే ఉంది. చదును పొలాల మధ్య ఒక అడవి ముక్క నుంచి ఇంకో అడవి ముక్కకి పోవడానికి గ్లైడర్‌కి ఉన్న దారి అదొక్కటే. నాలుగు ఇళ్లకి పోయే వంతెన కూల్చి, పక్క జిల్లాలో ఉన్న వంతెనకి రంగు వేయించామంటే ఆ నాలుగు ఇళ్లవాళ్లు ఒప్పుకుంటారా?

ఇక ఇస్తామన్నవైనా ఇస్తున్నారా అంటే, పెద్దవాటి చరిత్ర చూద్దాం. మెల్‌బోర్న్ శివార్ల విస్తరణలో పోయే పచ్చిక మైదానాలకి బదులుగా నగరానికి పడమటి వైపు 15,000 హెక్టార్లు కొని 2020 నాటికి రిజర్వు చేస్తామని ప్రభుత్వం మాటిచ్చింది. 2020లో విక్టోరియా ఆడిటర్ జనరల్ తనిఖీ చేస్తే అప్పటికి కొన్నది దాదాపు పదో వంతు. కొనని నేలలో ఈలోపు కలుపు పెరిగింది. ఇళ్లు మాత్రం ఆగలేదు. అదే ఏడాది దేశ పర్యావరణ చట్టాన్ని సమీక్షించిన గ్రేమ్ శామ్యూల్ నివేదిక కూడా ఆఫ్‌సెట్లు అమలవుతున్న తీరు పర్యావరణ క్షీణతకే దోహదం చేస్తోందని చెప్పింది. అన్నిటికన్నా ఆఖరి మార్గంగా ఉండాల్సింది అలవాటుగా మారిపోయిందన్నది దాని సారాంశం. ముందు తప్పించాలి, తప్పకపోతే తగ్గించాలి, అదీ కాకపోతేనే బదులు ఇవ్వాలి. విక్టోరియా నియమాల్లో కూడా ఈ వరసే రాసి ఉంది. హాల్లో బల్ల మీద ఉన్న నివేదికలో తప్పించడం గురించి రెండు పేరాలు ఉన్నాయి, ఆఫ్‌సెట్ లెక్కలు అనుబంధాలతో కలిపి అరవై పేజీలు.

బదులే లేనివి కూడా ఉంటాయి. బ్వాంగోర్, అరారట్ మధ్య వెస్టర్న్ హైవే వెడల్పు పనుల్లో జాబ్ వురుంగ్ అనే ఆదివాసీ ప్రజలు తమ పూర్వీకుల చెట్ల కోసం 2018 నుంచి గుడారాలు వేసుకుని కూర్చున్నారు. 2020 అక్టోబర్ 26న వాళ్లు దారి చూపే చెట్టుగా భావించే ఒక చెట్టుని రోడ్డు పనుల కోసం కొట్టేశారు. అది ఒప్పందంలో కాపాడతామన్న చెట్లలో లేదని ప్రభుత్వం అంది. ఏ జాబితాలో ఉందో లేదో తేల్చడం నా పని కాదు. కానీ ఒక అమ్మమ్మ తన మనవరాలికి చూపించిన చెట్టు పోయిన తర్వాత ఏ రిజిస్టర్‌లో ఎన్ని యూనిట్లు కొంటే ఆ చెట్టు అవుతుంది?

ఇంత రాస్తున్నాను కాబట్టి నేను రోడ్డు వద్దంటున్నానని అనుకోవద్దు. రెండేళ్ల కిందట వానలో అదే రోడ్డు మలుపులో ఎదురుగా ట్రక్కు సగం నా లేన్‌లోకి వచ్చింది. తప్పించుకోబోయి మట్టి అంచులోకి దిగాను, కారు జారి ఒక చెట్టుకి రెండు మీటర్ల ముందు ఆగింది. చేతుల వణుకు ఆగడానికి పావుగంట పట్టింది. వేగంగా వెళ్లే కారుకి చెట్టు ఎంత ప్రమాదమో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ మలుపు సరిచేయాలి, ఓవర్‌టేక్ చేయడానికి లేన్ కావాలి. ప్రాణాలు పోకూడదు. కానీ అదే మలుపులో పడమటి వైపు చెట్ల వరస ఉంది, తూర్పు వైపు కంచె అవతల ఖాళీ పొలం. లేన్ తూర్పుకి జరిపినా మలుపు సరవుతుంది, చెట్ల ముందు బారియర్ వేసినా కారు చెట్టుకి తగలదు. ఖర్చు ఎక్కువ, నిజమే. ఆ ఎక్కువ ఖర్చే ఆ చెట్ల అసలు ధర. 0.014 కి క్రెడిట్ కొన్నప్పుడు ఎవరూ ఆ ధర కట్టడం లేదు.

అందుకే నేను అడిగేది ఆఫ్‌సెట్ రేటు పెంచమని కాదు. తొర్ర ఉన్న పెద్ద చెట్టుకి ఆఫ్‌సెట్ ఉండదని రాసేయమంటున్నాను. దానికి డిజైనే మారాలి, మార్చలేమంటే ఎందుకు మార్చలేమో, మారిస్తే ఎంతవుతుందో డాలర్లలో బయట పెట్టాలి, చదివినవాళ్లు తేల్చుకుంటారు. మిగతా పొదలకీ గడ్డికీ ఆఫ్‌సెట్ ఉండనివ్వండి, కాకపోతే యంత్రం దిగకముందే ఆ స్థలం కొని, కంచె వేసి, మొలకలు కనిపించాలి. అదీ ఆ రోడ్డుకి ఆనుకుని, తెగిన వరస ఎక్కడ తెగిందో అక్కడ.

రోడ్డు తర్వాతి విడత పనులకి అభిప్రాయాలు అడిగారు. ఆ భాగంలో పెద్ద చెట్లు నేను నడిచి లెక్కపెట్టినవి పద్నాలుగు, తొర్రలు కింద నుంచి కనిపించినవి తొమ్మిదింటికి. ఒక్కోదాని ఫోటో, అది రోడ్డుకి ఎన్ని అడుగుల దూరమో, తూర్పుకి లేన్ ఎంత జరిపితే అది మిగులుతుందో రాసి పంపాను. అందింది, పరిశీలిస్తాం అని జవాబు వచ్చింది. తూర్పు పొలం రైతుని కూడా కలిశాను. కంచె తొమ్మిది మీటర్లు లోపలికి జరపడానికి, సరైన ధర ఇస్తే తనకేమీ అభ్యంతరం లేదన్నాడు, ఇంతవరకు తనని ఎవరూ అడగలేదని కూడా అన్నాడు. ఆ మాట కూడా రాసి మళ్లీ పంపాను. నిన్న సాయంత్రం వస్తూ చూశాను, పద్నాలుగింటిలో దేనికీ ఇంకా రిబ్బన్ కట్టలేదు.